‘పేర్చినట్టు’ ఉండేవి, ‘లేచి వచ్చేట్టు’ ఉండేవి

అందరికీ నమస్తే. అనంతపురంలో బోర్డులు రాసుకునే మనిషిని. పోయిన నెల గండికోట పోయినాను. పెన్న లోయ అంచున ఎర్ర రాళ్ల వరసలు చూస్తుంటే, పక్కన మేకలు కాసే పెద్దాయన "ఎవురో పనిగట్టుకోని పేర్చినట్టుండాయి కదప్పా" అన్నాడు. నిజమే, చదరం బండలు, మధ్యలో సందులు. స్కెచ్ వేద్దామని కూర్చుని ఆ సందుల దగ్గరే ఆగిపోయినా. లోపలి నీడ నలుపు కాదు, వంగపండు రంగు!

అప్పట్నుంచి ఒకటే ఆలోచన. కొండనో ముక్కునో మెచ్చుకోవాలంటే ‘పేర్చినట్టు’, ‘చెక్కినట్టు’, ‘తీర్చిదిద్దినట్టు’ అంటాం. పేర్చిన + అట్టు. పేర్చడానికి ఒక కర్త కావాలి గనక, లేని మేస్త్రీని తెచ్చి నిలబెడతాం. అదే శిల్పం ముందుకొస్తే ‘ప్రాణమున్నట్టు’, ‘లేచి వచ్చేట్టు’ అంటాం. ఉన్న శిల్పిని ఇంటికి పంపేస్తాం! నా బొమ్మను "అచ్చం ఫొటోలా ఉంది" అన్నవాళ్లే, నేను తీసిన ఫొటోను "పెయింటింగ్‌లా ఉంది" అంటారు. దేనికి సంతోషపడాలో తెలీదు. ఎందుకిట్లా?

జవాబు, కడప నుంచి:
రాళ్ల సంగతి సరే, ఆ లోయను మాత్రం మా వైపు ‘కోసినట్టు’ అంటారు. పెన్న నిజంగానే కోసింది కదా అన్నా! గండి అనే పేరే దానివల్ల వచ్చింది. అక్కడ ‘అట్టు’ దండగ.

జవాబు, హిందూపురం నుంచి:
మా లేపాక్షి బసవన్న ఒకే రాయి, సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. (2022 దాకా మీ జిల్లాలోనే ఉండె.) చిత్రకారుడు కూడా అయిన అడివి బాపిరాజు గారు దాన్ని లేచి రమ్మని పాట కట్టినారు. ఊరి పేరు కూడా రాముడు జటాయువుతో ‘లే పక్షీ’ అన్న మాటే అంటారు. మా నాయన ఎద్దుల బేరాలు చేసిన మనిషి. మెడలో గంటల హారాలు చూడనే లేదు. చుట్టూ తిరిగొచ్చి, "ఎద్దు లేచేటప్పుడు మొదట వెనక భాగం ఎత్తుతాది. ఇది తల మాత్రమే ఎత్తింది. లేచేది కాదురా, ఎవురో పిలిస్తే చూస్తాంది" అన్నాడు.

పోస్టు పెట్టినాయన:
అయితే బాపిరాజు గారి పిలుపు చేరినట్టే! ఈసారి పోతే వెనక నుంచి గీస్తానన్నా.