ప్లేటులో వదిలేస్తే ఫైన్ వేయడం న్యాయమేనా?

వేసవిగాలి:
మా ఇంటికి దగ్గర్లో ఈమధ్య కొత్త రెస్టారెంటు ఒకటి తెరిచారు. నెలకోసారి 'వృథా లేని భోజనం' అని ఈవెంట్ పెడుతున్నారు. చుట్టుపక్కల పండినవే వండుతారు, మెనూ చిన్నది, ప్లాస్టిక్ కనబడదు. ఇవన్నీ నచ్చే అమ్మానాన్నలను, తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. అమ్మకు ఈమధ్యే పళ్ళు తీయించాం. సగం తిని ఆపేసింది. వెయిటర్ ఆ ప్లేటు తీసుకెళ్ళి, పక్క టేబుళ్ళవాళ్ళు చూస్తుండగా త్రాసు మీద పెట్టి, బిల్లులో 'వృథా రుసుము' కలిపాడు. రూలు గోడ మీద రాసే ఉంది, కాదనను. అయినా ఇది న్యాయమేనా?

కాలిబాట:
రాసి ఉందని మీరే అంటున్నారు. ఇక చర్చ ఏముంది?

రాత్రిడ్యూటీ:
న్యాయమే. నేను ఆరేళ్ళు హోటల్ కిచెన్‌లో పనిచేశాను. రాత్రి పదకొండు దాటాక ప్లేట్లు గీకి బిన్నులో వేసేది నేనే. ఒక్క చెంచా మాత్రమే తీసిన గిన్నెలు వరసగా వచ్చేవి. బిన్ను మూత పడక మోకాలితో నొక్కేవాణ్ణి. తిన్నవాళ్ళు అప్పటికి ఇంటికెళ్ళి పడుకుని ఉంటారు. డబ్బు పోతే తప్ప మనిషికి గుర్తుండదని అక్కడే అర్థమైంది. మీ అమ్మగారి సంగతి వేరు కావచ్చు. కానీ ప్రతి టేబుల్‌కూ ఒక కారణం ఉంటుందండీ.

వేసవిగాలి:
ప్రతి టేబుల్‌కూ కారణం ఉంటే, అడిగి తెలుసుకోవాలి కదా?

తూకంరాయి:
అసలు తప్పు ఫైన్‌లో లేదు, 'చుట్టుపక్కల పండినవి' అనే మాటలో ఉంది. ఆహారం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా దాదాపు 6 శాతమే. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ఆధారంగా వేసిన లెక్క ఇది. ఎక్కడ పండిందనేదాని కంటే ఏం తింటున్నామన్నదే ముఖ్యం. దగ్గర్లో పెంచిన పశువు మాంసం కంటే ఓడలో వచ్చిన పప్పుగింజలు చాలా నయం. ఆ ఈవెంట్‌లో మాంసం పెట్టారా, లేదా? అది చెప్పండి ముందు.

వేసవిగాలి:
పెట్టారు. కానీ నేను అడిగింది అది కాదండీ.

తూకంరాయి:
మాంసం వడ్డించి, సగం ప్లేటుకు ఫైన్ వేయడం ఏం పర్యావరణం? ఇక్కడ ఒక్కరైనా దీనికి జవాబు చెప్పాలి.

మొలక:
మాది వ్యవసాయం. తూకంరాయి గారూ, రవాణాలో పొగ ఎంత అనే ఒక్క లెక్కతో 'దగ్గరి పంట'ను కొట్టేయకండి. మాకు దగ్గర్లో కొనే హోటల్ ఒకటి ఉంటే మధ్యలో ఇద్దరు దళారుల కమీషన్ మిగులుతుంది. పొద్దున కోసింది మధ్యాహ్నానికి పొయ్యి మీద ఉంటుంది. వంకర కాయలను కూడా తీసుకుంటారు. పెద్ద కొట్టువాళ్ళు వాటిని వెనక్కి పంపేస్తారు, మేం పొలంలోనే దున్నేస్తాం. ఆ వృథా ఏ ప్లేటులోనూ కనిపించదు.

తూకంరాయి:
మీ ఆదాయం ముఖ్యమే. నేను మాట్లాడేది వాతావరణం గురించి.

మొలక:
నేను మాట్లాడేది నా పంట గురించి.

రాత్రిడ్యూటీ:
మళ్ళీ ప్లేటు దగ్గరికి వద్దాం. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. జనం చేతికి అందేదాకా వచ్చినదాంట్లో 19 శాతం. 2030 నాటికి తలసరి వృథాను సగానికి తగ్గించాలని దేశాలన్నీ 2015లో ఒప్పుకున్నాయి. దండం పెట్టి బతిమాలితే సగమవుతుందా? చెత్తకుప్పలో గాలి తగలకుండా కుళ్ళిన ఆహారం నుంచి మీథేన్ అనే వాయువు వస్తుంది. 20 ఏళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది.

తూకంరాయి:
అదే నివేదికలో ఇళ్ళ వాటా 60 శాతం, హోటళ్ళు, క్యాంటీన్లలాంటి వాటిది 28 శాతం, దుకాణాలది 12 శాతం అని ఉంది. పైగా ఆ లెక్కలో తొక్కలు, ఎముకలు కూడా కలిసే ఉన్నాయి. పూర్తిగా చదివి పెట్టండి.

రాత్రిడ్యూటీ:
28 శాతం తక్కువా?

పాతచెరువు:
పార్సిల్ కట్టించుకుంటే పోయేది కదా అమ్మా.

వేసవిగాలి:
అడిగానండీ. ప్లాస్టిక్ వాడం, డబ్బా తెచ్చుకోవాలి అన్నారు. డబ్బా తెచ్చుకోమని గోడ మీద లేదు, ఫైన్ మాత్రం ఉంది. తాగడానికిచ్చిన గ్లాసు మీద 'కంపోస్ట్ అవుతుంది' అని రాశారు. మొక్కజొన్న పిండితో చేసే ఆ రకం గ్లాసు పెరటి గుంటలో వేస్తే కరగదు. 60 డిగ్రీల దగ్గర వేడి నిలబెట్టే పెద్ద కంపోస్ట్ ప్లాంటు కావాలి. మా దగ్గర అలాంటిది లేదు. ఆ గ్లాసును ఎవరూ తూచలేదు, మా అమ్మ ప్లేటును తూచారు.

రాత్రిడ్యూటీ:
ఇప్పుడు గ్లాసు మీదికి వెళ్ళారు. తప్పు ఎదుటివాడి మీదికి తోయడం తేలిక. ముందు మీ ప్లేటు ఖాళీ చేయండి, తర్వాత గ్లాసు గురించి మాట్లాడండి.

వేసవిగాలి:
మా అమ్మ నమలలేకపోయిందని రాశాను. చదవకుండా రాస్తున్నారా, చదివి కూడా ఇలాగే రాస్తున్నారా? ఆమె ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. 'నావల్ల మీకు డబ్బు దండగ' అంది. జీవితమంతా గిన్నె అడుగున మిగిలింది తాను తిని మాకు వేడిగా పెట్టిన మనిషి. ఆమెకు వృథా గురించి పాఠం చెప్పారు, త్రాసు పెట్టి. నాకు ఆ డబ్బు వెనక్కి వద్దు.

కాలిబాట:
ఇద్దరూ కాస్త ఆగండి.

మొలక:
వేసవిగాలి గారూ, అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

రాత్రిడ్యూటీ:
రాత్రి మీ పోస్టు మళ్ళీ చదివాను. క్షమించండి. నిజం ఒకటి చెప్పాలి, ఇంతవరకూ చెప్పలేదు. మా కిచెన్‌లో కొన్నాళ్ళు మూడు బిన్నులు పెట్టి తూచాం. ఒకటి కూరగాయలు తరిగినప్పుడు పోయేది, ఒకటి వండి వడ్డించకుండా మిగిలింది, ఒకటి ప్లేట్లలో వచ్చింది. మా దగ్గర చాలా రాత్రులు రెండోదే బరువు. బఫే ట్రేలు చివరిదాకా నిండుగా కనబడాలని యజమాని పట్టు. ఆ బిన్నుకు ఎవరూ ఫైన్ కట్టలేదు. నేను అడిగితే నీ పని నువ్వు చూసుకో అన్నారు. ఆ కోపం ఇన్నేళ్ళుగా తినేవాళ్ళ మీద పెట్టుకున్నానేమో. అయినా ఫైన్ ఉండాలనే అంటాను. కానీ వెనక బిన్నును కూడా తూచి, ఆ అంకె అదే గోడ మీద రాయాలి.

వేసవిగాలి:
ఇదే నేను సరిగా చెప్పలేకపోయింది. తూచేవాళ్ళెవరు, తూకానికి నిలబడేవాళ్ళెవరు అన్నదే నా బాధ. ఫాస్ట్ ఫుడ్‌కు ఎదురుగా ఇటలీలో మొదలైన స్లో ఫుడ్ ఉద్యమం 1989లో పారిస్‌లో తన ప్రణాళిక ప్రకటించినప్పుడు, తినడంలోని ఆనందం మనిషికి హక్కు అంది. ఆ ఉద్యమం పేరు ఈ ఈవెంట్ కరపత్రంలో కూడా వేశారు. సగం మిగిలిన ప్లేటు వంటవాడికి ఒక కబురు. ఉప్పు ఎక్కువైందనో, గట్టిగా ఉందనో, పెట్టింది ఎక్కువనో. 'ఏమైందమ్మా?' అని ఒక్కమాట అడిగి ఉంటే ఆమే చెప్పేది.

రాత్రిడ్యూటీ:
అడిగే టైం ఉండదండీ రష్‌లో. అది కూడా నిజమే. ముందే సగం వడ్డన పెట్టి, కావాలంటే మళ్ళీ వేస్తే అడగాల్సిన అవసరమే రాదు. మేం సిబ్బంది భోజనానికి అలాగే చేసేవాళ్ళం. మా ప్లేట్ల నుంచి బిన్నులో ఏమీ పడేది కాదు.

తూకంరాయి:
మాంసం సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పాతచెరువు:
తూకంరాయి గారూ, దానికి వేరే చర్చ పెట్టండి, అక్కడికి వస్తాం.

వేసవిగాలి:
ఇవాళ ఆ రెస్టారెంటుకు ఫోన్ చేశాను. సగం వడ్డన అడిగితే ఇస్తారట, మెనూలో మాత్రం వేయలేదట. వెనక ఎంత పారేస్తున్నారో తూస్తారా అని అడిగాను. మేనేజర్‌ను కనుక్కుని చెబుతామన్నారు. వచ్చే నెల ఈవెంట్‌కు అమ్మ రానంటోంది. నేను వెళ్తాను, డబ్బా పట్టుకుని.