సుంకి ఘాటీలో లారీలు లాగే కుర్రాళ్లకు బండి పాలసీ చాలదా?

సెమిలిగుడ రికవరీ:
అందరికీ నమస్కారం. నాకు ఒక రికవరీ వ్యాన్, ఒక చిన్న క్రేన్ ఉన్నాయి. సాలూరు నుంచి కొరాపుట్ దాకా 26వ నంబరు జాతీయ రహదారి మీద, ముఖ్యంగా సుంకి ఘాటీలో ఆగిపోయిన లారీలు లాగుతాం. డ్రైవరు, క్రేన్ ఆపరేటరు, ఇద్దరు హెల్పర్లు, మొత్తం నలుగురు. రెండు బండ్లకూ ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. పనివాళ్ల పరిహారానికి వేరే పాలసీ తీసుకోమని ఏజెంటు వెంటపడుతున్నాడు. అది నిజంగా అవసరమా? వానలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి.

పాత హుక్కు:
అవసరం లేదు తమ్ముడూ. సాలూరులో ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. బండి పాలసీలో డ్రైవరుకూ క్లీనరుకూ మనిషికి 50 రూపాయలు అదనంగా కడితే వాళ్లకూ వర్తిస్తుంది. ఏజెంటుకు కావాల్సింది కమీషను.

రాయగడ లారీ:
నాదీ అదే మాట.

జయపురం గుమాస్తా:
నేను పద్దెనిమిదేళ్లు పరిహారం కేసుల కాగితాలు రాశాను. ముందు మీ పాలసీలో 'వాడకం పరిమితులు' అన్న పేజీ చదవండి. సరుకు రవాణా బండి పాలసీ అయితే, పాడైన ఒక బండిని లాగవచ్చు, కానీ కిరాయికి కాదు అని ఉంటుంది. మీరు లాగేదే కిరాయికి. బండి 'బ్రేక్‌డౌన్ వెహికల్'గా నమోదై ఉందో లేదో చూసుకోండి. క్రేన్‌ది ఇంకో తిరకాసు. రోడ్డు మీద నడిచేటప్పుడు అది బండి. బూమ్, అంటే క్రేన్ చెయ్యి, ఎత్తి పని చేసేటప్పుడు పనిముట్టు. పనిముట్టుగా ఉన్నప్పుడు జరిగే నష్టానికి మామూలు పాలసీ చాలావరకు తప్పుకుంటుంది.

హెల్పరు సంగతి. మోటారు వాహనాల చట్టం 147వ సెక్షన్ 2019 సవరణతో మారకముందు, తప్పనిసరి బీమా వర్తించింది బండి నడిపేవాడికి, సరుకు బండిలో అయితే 'బండిలో వెళ్తున్న' పనివాడికి. రోడ్డు మీద పడుకుని యాక్సిలుకు గొలుసు కట్టేవాడు బండిలో వెళ్తున్నట్టా?

పాత హుక్కు:
ఇదేం మాట గురువుగారూ? హెల్పరు బండి మనిషే కదా. టీ తాగడానికి దిగితే బండి మనిషి కాకుండా పోతాడా? బండి లేకపోతే వాడికి ఆ రోడ్డు మీద పనేముంది?

జయపురం గుమాస్తా:
మీ వాదన కోర్టులో గెలవచ్చు, ఓడవచ్చు. కంపెనీ కడుతుందా లేదా అన్నది మీకూ కంపెనీకీ మధ్య గొడవ. పనివాడికి మాత్రం బాధ్యత మీది.

పాత హుక్కు:
అడిగినదానికి జవాబు చెప్పండి. దిగినవాడు బండి మనిషా కాదా?

పార్వతీపురం కుర్రాడు:
రెండు రోజులుగా ఇక్కడే తిరుగుతున్నారు సార్.

పొట్టంగి 26:
దిగినవాడి సంగతి నేను చెప్తాను. 2023 జూలైలో, రాత్రి, వానలో, మా బావ సుంకి పైమలుపులో ఒక లారీకి టోచన్, అంటే లాగే రోప్, కట్టాడు. లాగుతుండగా వైర్ రోప్ తెగి ఛాతీకి కొట్టింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. వయసు 35, జీతం నెలకు 12,000, బత్తా వేరు. బండి పాలసీ వాళ్లు అతను బండిలో లేడన్నారు. ఓనరు లక్షన్నర ఇచ్చి, పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద మా అక్క వేలిముద్ర వేయించుకున్నాడు. కేసు పెడితే ఆంధ్రా ఆఫీసుల చుట్టూ తిరగాలని, పోస్టుమార్టం కాగితం ఒడియాలో ఉంది కాబట్టి అక్కడ చెల్లదని భయపెట్టాడు. మేం నమ్మాం.

పాత హుక్కు:
బాధగానే ఉంది తమ్ముడూ. కానీ ఒకటి అడుగుతాను. రోప్ బిగిసినప్పుడు దాని దారిలో ఎవరూ నిలబడకూడదని ఈ పనిలో చేరిన మొదటి రోజే చెప్తాం. నేనైతే రోప్ మీద తడి గోనెసంచి వేయిస్తాను, తెగినా ఊపు తగ్గుతుందని. మీ బావ అక్కడ ఎందుకు నిలబడ్డాడు?

పొట్టంగి 26:
టైరు కింద రాయి పెట్టడానికి! రాయి పెట్టకపోతే లారీ లోయలోకి జారేది. పెట్టమని కేక వేసింది ఓనరే. మీరు చూశారా? మీ గోనెసంచి మా బావకు ఎవరిచ్చారు? ఆ రోప్ మార్చి ఎన్నేళ్లయిందో అడిగారా?

పాత హుక్కు:
నా మీద అరవకండి. అరిచినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

జయపురం గుమాస్తా:
ఇద్దరూ ఆగండి. మనిషి చనిపోయాక తప్పు అతనిదా అన్న ప్రశ్నే పనివాళ్ల పరిహారం చట్టంలో లేదు. మాట వినలేదనో, తాగాడనో చెప్పి తప్పించుకునే దారి మరణానికీ శాశ్వత పూర్తి వైకల్యానికీ వర్తించదు. 'రోజుకూలీ, నా మనిషి కాదు' అనడమూ 2000 సవరణతో పోయింది.

మరణానికి లెక్క ఇది: నెల జీతంలో సగాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. 35 ఏళ్లకు గుణకం 197.06. 6,000ను దానితో హెచ్చిస్తే 11,82,360 రూపాయలు. నెల లోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 50 శాతం దాకా జరిమానా. ఆ జరిమానా బీమా కంపెనీ నెత్తిన పడదని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. అది ఓనరు జేబులోంచే.

ఇక స్టాంపు కాగితం. మరణ పరిహారం, ఈ కేసులు చూసే కమిషనరు దగ్గరే జమ చేయాలి. నేరుగా చేతికిచ్చినది పరిహారం కింద లెక్కకు రాదు, మూడు నెలల జీతం మేరకు మాత్రం అడ్వాన్సుగా చూస్తారు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. ఆంధ్రా తిరగనక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటైనా, మీ అక్క ఉండే చోటైనా దరఖాస్తు పెట్టవచ్చు.

మన జయపురంలోనే 1968లో ఒక సినిమా హాల్లో పనిచేస్తూ ఒక వడ్రంగి పడిపోయి, ఎడమచేయి మోచేతి దగ్గర పోగొట్టుకున్నాడు. యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1975లో అక్కడా ఓడాడు. కట్టాల్సింది 9,800 రూపాయలు, దాని మీద జరిమానా, వడ్డీ. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అన్న సూత్రం దేశమంతటికీ మన ఊరి కేసు నుంచే వచ్చింది.

పాత హుక్కు:
మీరంతా నన్ను దొంగను చేస్తున్నారు కాబట్టి చెప్తాను. నా దగ్గర ముగ్గురున్నారు. మా ఇంట్లో తింటారు. ఒకడి పెళ్లి నేనే చేశాను. ఒకడికి వేలు నలిగితే విశాఖ తీసుకెళ్లి నలభై వేలు పెట్టాను, ఎవరినీ ఒక్క రూపాయి అడగలేదు. వాళ్లు నన్ను బాబాయ్ అంటారు. ఇప్పుడు ఈ పాలసీ కోసం వాళ్ల పేర్లు, వయసులు, జీతాలు రిజిస్టరులో రాసి సంతకం పెట్టిస్తే రేపటి నుంచి వాళ్లు కూలీలు, నేను యజమానిని. ఆ పుస్తకం పట్టుకుని ఎవడెవడో వస్తాడు. పనివాళ్ల వైద్య బీమా ఈఎస్ఐ అంటాడు, ఇంకోటి అంటాడు. నాకు భయం ప్రీమియం కాదు, ఆ పుస్తకం.

పొట్టంగి 26:
మా బావ కూడా తన ఓనరును బాబాయ్ అనేవాడు. ఆ ఓనరు దసరాకి బట్టలు పెట్టేవాడు, నిజమే. పోయిన మూడోరోజు పోలీసులకు మాత్రం 'ఆ రాత్రికి పిలిచిన మనిషి, నా దగ్గర పని చేయడు' అని రాసిచ్చాడు. తొమ్మిదేళ్లు చేసిన పనికి మా దగ్గర ఒక్క చీటీ లేదు. పుస్తకంలో పేరుంటే ఆ మాట అనగలిగేవాడా? మీరు మంచివారే కావచ్చు. మీకు రేపు ఏదైనా అయితే మీ బాబాయితనం మీ కొడుకు మోస్తాడా?

పాత హుక్కు:
మా వాడు బెంగళూరులో ఉంటాడు. ఈ పనిలోకి రాడు.

జయపురం గుమాస్తా:
ఈఎస్ఐకి పదిమంది ఉండాలి. ముగ్గురికీ నలుగురికీ ఆ భయం అక్కర్లేదు. కాబట్టే మీలాంటి చిన్న ఓనర్లకు ఈ పాలసీ తప్ప వేరే ఆసరా లేదు.

పొట్టంగి తమ్ముడూ, పరిహారం చట్టం ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. మీది అంతకు ముందు జరిగిన ప్రమాదం కాబట్టి పాత 1923 చట్టం లెక్కే. గడువు రెండేళ్లు, అది దాటింది. అయినా తగిన కారణం చూపిస్తే తీసుకునే అధికారం కమిషనరుకు ఉంది. వేలిముద్ర వేయించి తప్పుదారి పట్టించారన్నదే మీ కారణం. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాపీలు, బత్తా వేసిన ఫోన్‌పే మెసేజీలు ఏవున్నా తీసి పెట్టండి.

పొట్టంగి 26:
బావ ఫోను అక్క దగ్గరే ఉంది. ఈ ఆదివారం చూస్తాను.

సెమిలిగుడ రికవరీ:
నేను ఈరోజు ఏజెంటును పిలిచాను. నలుగురి పేర్లు, వయసులు రాసుకున్నాడు. జీతం తక్కువ వేస్తే ప్రీమియం తగ్గుతుందని, 8,000 వేద్దామన్నాడు. మావాళ్లకు ఇచ్చేది 13,000, బత్తా వేరు. ఎంత వేయమంటారు?

జయపురం గుమాస్తా:
ఇచ్చేదే వేయండి. 8,000 రాసి ఉంటే రేపు మిగతాది మీరు కట్టాల్సి వస్తుంది. ప్రయాణ ఖర్చుల కింద ఇచ్చే బత్తా జీతం లెక్కలోకి రాదు.

పొట్టంగి 26:
బత్తా కూడా రాయించండి అన్నా. మా ఇల్లు నడిచింది బత్తాతోనే.

పాత హుక్కు:
బత్తా ఎలా రాస్తారు? ఘాటీ ట్రిప్పుకు ఒకటి, కింద ట్రిప్పుకు ఒకటి. నెలకెంతో నాకే తెలియదు. ఆ ఏజెంటు పేరులేకుండా, మనిషిని లెక్కపెట్టి ఇచ్చే పాలసీ ఏదైనా ఉందన్నాడా?

సెమిలిగుడ రికవరీ:
ఉందన్నాడు బాబాయ్. కానీ జీతాల పుస్తకం మాత్రం ఉండాలట.