బుల్లెట్ మడ్‌గార్డ్ ముక్క ఇంట్లో కొడుతుంటే అంచు అలలు తేలుతోంది

గాజువాక350:
పాత బుల్లెట్ వెనక మడ్‌గార్డ్‌లో తుప్పు పట్టిన భాగం కోసేశాను. దాని బదులు వేసే ముక్కకి 20 గేజి సీఆర్ (చల్లగా రోల్ చేసిన ఉక్కు) రేకు తీసుకున్నాను, సుమారు 0.9 మి.మీ. మందం. ఇసక సంచి మీద కొయ్య సుత్తితో కొడితే మధ్యలో గుంట పడుతోంది గానీ, అంచు వేయించిన అప్పడంలా లేస్తోంది. వీలింగ్ మెషిన్ (రెండు చక్రాల మధ్య రేకుని నడిపి వంపు తెచ్చేది) లేదు. ఏం చెయ్యాలి?

రేకుపని:
మధ్య దిగేకొద్దీ అంచు దగ్గర రేకు మిగిలిపోతుంది, అదే అల. దాన్ని ఇనప సుత్తితో ఇనప దిమ్మ మీద అణిచారంటే రేకు ఇంకా సాగి అల పెద్దదవుతుంది. అక్కడ కుదించాలి.

ముందు మడ్‌గార్డ్‌కి బాగున్న రెండో పక్క మీద కాగితం అదిమి టేపు వెయ్యండి. కాగితం ముడత పడ్డచోట రేకు కుదించాలి, చీరితేగాని అతకనిచోట సాగదీయాలి. గుర్తులు పెట్టుకుని, కాగితం తిరగేసి మీ ముక్క మీద పరవండి.

కుదించడానికి అలని నోస్ ప్లయర్‌తో అంచు నుంచి 25 మి.మీ. లోపలికి సన్నటి ముడతగా పట్టండి. ఇనప దిమ్మ మీద పెట్టి కొయ్య సుత్తితోనే, ముడత నోరు విచ్చుకోకుండా, చిన్న దెబ్బలతో దించండి. ముడత పక్కకి పడుకుని మడత అయితే మాత్రం ఆ గీత దగ్గర చీలుతుంది, ఇక బాగుపడదు. ఒక్క పెద్ద ముడతకన్నా నాలుగు చిన్నవి మేలు.

ఉక్కునగరం_ఫిట్టర్:
సంచిలో బీచ్ ఇసక పోశారేమో చూసుకోండి. అందులోని ఉప్పు చెమ్మ పట్టి రేకుని తినేస్తుంది. ఏటి ఇసక జల్లించి, ఎండబెట్టి, రెండు పొరల కాన్వాస్ సంచిలో ముప్పావు వంతు పొయ్యండి. అపార్ట్‌మెంట్ అయితే కింద పాత టైరు పెట్టండి, లేకపోతే కింది ఫ్లాట్ వాళ్లు పైకొస్తారు.

గాజువాక350:
రేకు కాల్చి మెత్తబరచాలా?

రేకుపని:
ఇంత తక్కువ లోతుకి సీఆర్ రేకుకి అక్కర్లేదు. అల్యూమినియమైతే కొట్టేకొద్దీ గట్టిపడి చిట్లుతుంది. దానికి ఒక పక్క బట్టల సబ్బు రాసి, వెనకనుంచి మంట చూపించి, సబ్బు నల్లబడగానే ఆపాలి. జీఐ (జింకు పూత ఉన్న) రేకు అసలు కాల్చొద్దు, జింకు పొగకి జ్వరం వస్తుంది.

ఉక్కునగరం_ఫిట్టర్:
ముక్కని చుట్టూ 20 మి.మీ. ఎక్కువ ఉంచి కొట్టి, ఆకారం కుదిరాకే అంచు కొయ్యండి. పని అయిన రోజే ప్రైమర్ కొట్టెయ్యండి, మన సముద్రపు గాలికి ఉత్త రేకు రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది.