స్విమ్మింగ్ పూల్ నీళ్లు మరిగిస్తే తాగొచ్చా?

నీటిచుక్క:
ఇంటి వెనక పూల్ ఉంది. 10 మీటర్ల పొడవు, 5 వెడల్పు, సగటున మీటరున్నర లోతు, అంటే 75,000 లీటర్లు. మొన్న గాలివానకి నాలుగు రోజులు కరెంటూ లేదు, కుళాయీ రాలేదు. మూడో రోజుకే క్యాన్లు అడుగంటాయి, కిటికీలోంచి చూస్తే పూల్ మాత్రం నిండుగా తళతళలాడుతోంది. చివరికి పక్కింటివాళ్లు రెండు క్యాన్లిస్తే గట్టెక్కాం. ఈసారి ఇలాగైతే ఆ నీళ్లే మరిగించి తాగొచ్చా? క్లోరిన్ ఎలాగూ ఉంది కదా. లేదా ఇంట్లో ఉన్న ఆర్ఓ ఫిల్టర్‌లో పోస్తే?

పాతపంపు:
పూల్ మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. అందరూ క్లోరిన్‌కే భయపడతారు గానీ సరిగ్గా చూసుకునే పూల్‌లో అది 1 నుంచి 3 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) లోపే ఉంటుంది, తాగే నీళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దే 5. అసలు తలనొప్పి స్టెబిలైజర్, అంటే ఎండకి క్లోరిన్ త్వరగా పోకుండా కాపాడే సయనూరిక్ యాసిడ్. క్లోరిన్ కోసం మీరు వేసే ట్రైక్లోర్ ట్యాబ్లెట్లన్నిటిలోనూ ఉంటుంది. ఎండకి క్లోరిన్ పోతుంది, నీళ్లు ఆవిరైపోతాయి, ఇది మాత్రం ఎక్కడికీ పోదు, ఏడాదంతా పేరుకుంటూనే ఉంటుంది. దీని టెస్ట్ చేసేటప్పుడు గొట్టం అడుగున నల్లచుక్క ఉంటుంది, టెస్ట్ మందు కలిపాక తెల్లగా మసకబారిన పూల్ నీళ్లు పోస్తూ చుక్క ఎక్కడ మాయమైతే అక్కడ రీడింగ్. 30-50 ఉండాలంటారు, నాలుగు పోతలకే చుక్క కనపడకుండా పోయి 100 దాటిన పూల్స్ ఎన్ని చూశానో. తాగే నీళ్లలో దీని హద్దు 40. మరిగిస్తే తగ్గకపోగా ఇంకా చిక్కబడుతుంది. పాచి పోవడానికి రాగి కలిసిన మందు పోసి ఉంటే అదీ అంతే.

ఆవిరిబొట్టు:
పై మాట నిజం. మరిగిస్తే క్రిములు చస్తాయి, కరిగిన మందులు పోవు. అలాగని క్లోరిన్ ఉంది కాబట్టి క్రిములే లేవనుకోకండి, క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమి 1 పీపీఎం క్లోరిన్‌లో పది రోజులైనా బతికే ఉంటుంది. పైగా కరెంటు పోతే పంపు ఆగుతుంది, ట్యాబ్లెట్ వేసే దిక్కుండదు, పూల్ కాస్తా మెల్లగా చెరువైపోతుంది.

ఇంకే దారీ లేకపోతే నీళ్లని ఆవిరి చేసి, ఆ ఆవిరిని మళ్లీ నీళ్లుగా పట్టుకోవడమే. పెద్ద గిన్నెలో సగం నీళ్లు, మూత తిరగేసి పెట్టి దాని పిడికి లోపలివైపు కప్పు వేలాడేలా కట్టాలి, కప్పు నీళ్లకి తగలకూడదు. ముందు మూత లేకుండా కాసేపు మరగనిస్తే తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలు కొన్ని పోతాయి. నేనొకసారి సరదాకి చేశాను, గంటసేపు స్టవ్ దగ్గర నిలబడితే గ్లాసు కూడా నిండలేదు. లీటరు నీళ్లు ఆవిరవడానికే సుమారు 0.6 యూనిట్ కరెంటుకి సమానమైన వేడి కావాలి, మంట పక్కలకి పోయేది వేరే. నలుగురికి చాలేంత గ్యాస్ మీ దగ్గరుందా?

పాతపంపు:
ఆర్ఓ సంగతి మర్చిపోయాను. కరెంటు లేకుండా అది నడవదు. నడిచినా క్లోరిన్ దాని మెంబ్రేన్‌ని, అంటే నీళ్లు వడకట్టే పొరని తినేస్తుంది, ముందున్న కార్బన్ ఫిల్టర్ కొత్తదైతేనే కాపాడుతుంది. ఉప్పు నుంచే క్లోరిన్ తయారుచేసుకునే పూల్ అయితే వదిలేయండి, వాటిలో ఉప్పే 3,000 పీపీఎం పైన.

రెండోబకెట్టు:
తాగడం ఒక్కటే ఎందుకు ఆలోచిస్తున్నారు? స్నానం, ఇల్లు తుడవడం, టాయిలెట్, అన్నిటికీ పూల్ నీళ్లు వాడేయండి, క్యాన్లు నోటికి మాత్రమే దాచుకోండి. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి 4 లీటర్లు లెక్కేసుకుంటే నలుగురికి నాలుగు రోజులకి 64 లీటర్లు, మూలన నాలుగు క్యాన్లు పెడితే తీరిపోయే బెంగ. అన్నట్టు, గీజర్ ట్యాంకులో ఉన్నవి కుళాయి నీళ్లే కదా. స్విచ్ ఆపేసి, చల్లారాక, కింది డ్రెయిన్ తిప్పి పట్టుకోండి, మరిగించి తాగొచ్చు. ఇంకో మాట, పూల్‌కి వేసే పొడి మందు మాత్రం తాగే నీళ్లలో వేయకండి, కొన్నిటిలో పాచి మందు కూడా కలిసి ఉంటుంది.

నీటిచుక్క:
మాది ట్యాబ్లెట్ల పూలే, ఆ నల్లచుక్క టెస్ట్ ఒక్కసారి కూడా చేయలేదు. గీజర్ సంగతి అస్సలు తట్టలేదండీ. బాత్‌రూమ్‌లో 25 లీటర్లు పెట్టుకుని పక్కింటి తలుపు కొట్టానన్నమాట.