పాత సెస్నాకు కొత్త పరికరాలు: పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

డెంటన్_172:
సాయంత్రం ఆరు గంటలకు ఎక్సెల్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. పదకొండు వరుసలు వేస్తే పదకొండు రకాల జవాబులు వచ్చాయి. నాది 1978 నాటి సెస్నా 172ఎన్ చిన్న విమానం. రెండేళ్ల క్రితం 82 వేల డాలర్లకు కొన్నాను. పాత గుండ్రటి మీటర్లు తీసేసి రెండు గార్మిన్ జీ5 తెరలు, జీఎఫ్‌సీ 500 ఆటోపైలట్, దారి చూపే ఒక జీటీఎన్ 650 జీపీఎస్ బిగించడానికి షాపువాళ్లు 46 వేలు చెప్పారు. బిగించాక విమానం 128 వేలు పలుకుతుందా, పలకదా? దయచేసి సూటిగా చెప్పండి. ఇంజను బాగు చేయించినదే, దాని బెంగ లేదు.

రన్‌వే_చివర:
పలకదు.

డెంటన్_172:
ఎందుకు పలకదు?

రన్‌వే_చివర:
అమ్మకానికి పెట్టండి, తెలుస్తుంది.

పంపు_వద్దు:
డబ్బు లెక్క పక్కన పెట్టండి. విమానం ఒరుగును చూపే గైరో మీటర్‌ను గాలితో తిప్పే వాక్యూమ్ పంపు మీ విమానంలో ఇంకా ఉందా, లేదా? దాని లోపల తిరిగేవి కార్బన్ రేకులు. అవి అరిగి అరిగి ఒకరోజు పుటుక్కున విరుగుతాయి. పైలట్ గమనించకపోతే అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. గైరో వెంటనే పడిపోదు, మెల్లగా ఒరుగుతుంది. మబ్బుల్లో ఉన్న మనిషి దాన్నే నమ్మి విమానాన్ని కూడా ఒరగబెడతాడు. రెండు జీ5లు పెడితే పంపును, గొట్టాలను పూర్తిగా పీకేయవచ్చు. జీ5కి సొంత బ్యాటరీ ఉంది, కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ పోయినా నాలుగు గంటలదాకా చూపిస్తుంది. ఇందులో లాభనష్టాల ప్రశ్న ఎక్కడిది?

డెంటన్_172:
మంచి మాటే. కానీ నేను అడిగింది అది కాదు.

పాత_లాగ్‌బుక్:
తమ్ముడూ, అసలు సంగతులు ఒక్కటీ రాయకుండా జవాబు అడిగితే ఎలా? ఇంజను ఓవర్‌హాల్, అంటే పూర్తిగా విప్పి సరిచేయడం, ఎప్పుడు జరిగింది, ఆ తరువాత ఎన్ని గంటలు తిరిగింది? ఏడాదికి ఎన్ని గంటలు ఎగురుతావు? మబ్బుల్లో మీటర్లు చూసి ఎగరడానికి కావలసిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉందా? ఎన్నేళ్లు ఉంచుకుంటావు? విమానం ఎక్కడుందో ప్రసారం చేసే ఏడీఎస్-బీ పరికరం ఉందా? 2020 జనవరి నుంచి మీ డెంటన్ ఉన్న డాలస్ పరిసరాల్లో అది లేకుండా ఎగరడం కుదరదు కాబట్టి కొనేవాడు ఉందనే అనుకుంటాడు. ఉంటే ధర పెరగదు, లేకపోతే తగ్గుతుంది.

డెంటన్_172:
ఏడీఎస్-బీ ఉంది. ఏడాదికి 50 గంటలు. రేటింగ్ లేదు, వచ్చే ఏడాది మొదలుపెట్టాలని ఉంది. అయిదేళ్లు ఉంచుకుంటానేమో. ఇంజను 1996లో రీబిల్ట్ అయింది, ఆ తరువాత 1,640 గంటలు.

రన్‌వే_చివర:
1996. బెంగ లేదట.

స్పానర్_మామ:
ఒక్క నిమిషం. రీబిల్ట్ అన్నారు. ఎవరు చేశారు? ఆ మాట ఇంజను తయారుచేసిన లైకమింగ్ ఫ్యాక్టరీకి, లేదా ఫ్యాక్టరీ అనుమతించిన సంస్థకే చెల్లుతుంది. అలా వచ్చిన ఇంజనుకు సున్నా గంటలతో కొత్త లాగ్‌బుక్ ఇస్తారు. ఊళ్లో షాపు చేసింది ఓవర్‌హాల్, పాత గంటలు దాని వెంటే ఉంటాయి. అమ్మకం ప్రకటనలో రెండూ కలిపి రాస్తే రేపు కొన్నవాడు గొడవకు వస్తాడు.

పంపు_వద్దు:
రెంటిలోనూ విడిభాగాలు కొత్తవే కదా. మాట పట్టుకుని వేలాడటం దేనికి?

స్పానర్_మామ:
కొత్తవే కావాలని ఎక్కడా లేదు. ఓవర్‌హాల్‌లో భాగాలు సర్వీస్ కొలతల్లో, అంటే వాడుకలో అరిగినా అనుమతించే హద్దుల్లో ఉంటే చాలు. రీబిల్ట్ అయితే కొత్త భాగానికి ఉండే కొలతలకు, వాటిలో అనుమతించే తేడాలకు సరిపోవాలి. ఇది మాటల గారడీ కాదండీ, నిబంధనల్లో ఉన్నదే.

పాత_లాగ్‌బుక్:
మీ ఇద్దరి వాదన తరువాత. ఆ ఇంజను ఓ-320-హెచ్2ఏడీ అయి ఉండాలి. కవాటాలను తెరిచే క్యామ్, లిఫ్టర్లు పెచ్చులూడతాయని దానికి పేరు. లైకమింగ్ ఇంజన్లలో క్యామ్ పైభాగంలో ఉంటుంది, ఆగిపోయాక నూనె కిందికి జారిపోతుంది. ఏడాదికి 50 గంటలంటే వారాల తరబడి నిలబడే ఉంటుంది కదా, తుప్పు పట్టక ఏం చేస్తుంది? తయారీదారు చెప్పే ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు లేదా పన్నెండేళ్లు. సొంతానికి ఎగిరేవాళ్లకు అది తప్పనిసరి కాదు, నిజమే. బేరమాడేవాడు మాత్రం ఆ ఇంజనుకు సున్నా విలువ కడతాడు. మా పక్క హ్యాంగర్ ఆయనకు నిరుడు ఓవర్‌హాల్‌కు 38 వేలు అయింది.

ఇక నీ లెక్క. పరికరాల్లో పెట్టిన దానిలో సగం తిరిగొస్తే అదృష్టమని నా అనుభవం. 46లో 23 వేలు పోయాయనుకో. అయిదేళ్లకు 250 గంటలు, అంటే గంటకు 92 డాలర్లు. గంటకు ఎనిమిది గ్యాలన్లు, గ్యాలన్ ఆరు డాలర్లు వేసుకున్నా ఇంధనం 48 దాటదు. ఇంధనానికి దాదాపు రెట్టింపు ధర పెట్టి ఆ తెరలు చూస్తావన్నమాట. చూడాలనిపిస్తే చూడు, అందులో తప్పు లేదు. పెట్టుబడి అని మాత్రం అనకు. ఒకవేళ పెట్టిస్తే బీమాలో విమానం విలువ పెంచడం మరిచిపోకు, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు పాత 82 వేలే చేతికొస్తాయి.

బేగంపేట_బాబు:
మధ్యలో వచ్చాను, క్షమించండి. మన దగ్గర హైదరాబాద్‌లో ఇలాంటి పాత 172 కొని ఉంచుకోవాలంటే సుమారు ఎంత అవుతుంది?

రన్‌వే_చివర:
వేరే చర్చ పెట్టండి.

పంపు_వద్దు:
నేను మళ్లీ చెబుతున్నాను, ఒక్క జీ5 అయినా పెట్టించండి. మబ్బుకు మీ ఎక్సెల్ తెలియదు.

స్పానర్_మామ:
ముందు ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో లోహపు రజను ఉందేమో చూడండి. అది ఖర్చులేని పని. అరుగుదల తగ్గించడానికి లైకమింగ్ చెప్పిన ఎల్‌డబ్ల్యూ-16702 మందు నూనెలో కలుపుతున్నారా?

డెంటన్_172:
ఏ మందు?

స్పానర్_మామ:
లాగ్‌బుక్ తీయండి.

డెంటన్_172:
(మూడు రోజుల తరువాత) లాగ్‌బుక్‌లో ఉన్నది ఓవర్‌హాల్ అనే. ఫిల్టర్ కోశాం, కొద్దిగా మెరుపు కనిపించింది, శనివారం ఒక సిలిండర్ విప్పి చూస్తామన్నారు. షాపువాళ్లకు ప్రస్తుతానికి ఆగమని చెప్పాను. అందరికీ థాంక్స్.

రన్‌వే_చివర:
ఆ పాత గైరో హొరైజన్ మీటర్ తీసేస్తే చెప్పండి, నాకు కావాలి.