వరద క్లెయిమ్ డబ్బుతో చేయించిన రిపేర్లు: పని నాణ్యతకు ఎవరు జవాబుదారీ?

పాయకాపురం_విజయవాడ
2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లో నడుము లోతు నిలిచాయి. ఇంటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ డబ్బు వచ్చాక గోడలు చెక్కించి ప్లాస్టరింగ్, పుట్టీ, పెయింట్ అన్నీ చేయించాం. ఏడాది తిరగకుండానే కింది భాగమంతా పెచ్చులు ఊడుతోంది. మేస్త్రీ ఫోన్ ఎత్తడు. కంపెనీవాళ్లేమో డబ్బు ఇవ్వడం వరకే మా పని అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకెవరికైనా ఇలా అయిందా?

గుంటూరు_సివిల్
గోడ ఆరకముందే పుట్టీ పెట్టి ఉంటారండీ. ఇటుకలో చేరిన నీరు బయటికి వస్తూ ఉప్పును వెంట తెస్తుంది, ఆ ఉప్పే ప్లాస్టర్‌ను తోసేస్తుంది. పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే గోడ ఇంకా తడిగానే ఉందన్నమాట, అప్పుడు పని మొదలుపెట్టనివ్వొద్దు. కొత్త ప్లాస్టర్‌కు కనీసం వారం నీళ్లు కొట్టాలి. కాంక్రీటు పని ఉంటే ఐఎస్ 456 (కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణం) ప్రకారం మామూలు ఓపీసీ సిమెంటుకు 7 రోజులు, బూడిద కలిపిన పీపీసీకి 10 రోజులు క్యూరింగ్ (తడి ఆరకుండా ఉంచడం) తప్పనిసరి. ఇవన్నీ ఎస్టిమేట్‌లోనే రాయించుకోవాలి. "గోడ రిపేరు, ఇంత మొత్తం" అని ఒక్క లైన్ ఉంటే రేపు ఏమని నిలదీస్తాం?

వైరింగ్_పని
మునిగిన సాకెట్లు, ఎంసీబీలు (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్‌లు) ఆరబెట్టి మళ్లీ బిగించొద్దు, ప్రాణాలకే ప్రమాదం. మెగ్గర్ టెస్ట్ (వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే పరీక్ష) చేయించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీసీబీ పెట్టించండి.

లండన్_తెలుగు
ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీయే తన కాంట్రాక్టర్‌ను పంపితే, పని పాడైనా కంపెనీనే అడుగుతాం. దానిమీద ఫిర్యాదులు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరికీ వెళ్లొచ్చు. మన దగ్గర డబ్బు చేతికిస్తారు కాబట్టి ఆ రక్షణ ఉండదు.

కూకట్‌పల్లి_పాలసీదారు
అందుకే భారత్ గృహ రక్ష అనే ఇంటి ఇన్సూరెన్స్ పాలసీలో ఒక సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆర్కిటెక్ట్, ఇంజనీరు ఫీజుల కోసం క్లెయిమ్ మొత్తంలో 5 శాతం దాకా, శిథిలాలు తీయించడానికి 2 శాతం దాకా ఇస్తారు. నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చినప్పుడే అడగండి. ఆ డబ్బుతో పని చూసే ఇంజనీరును పెట్టుకోవచ్చు. మేస్త్రీకి మాత్రం దశలవారీగానే ఇవ్వండి, కొంత మొత్తం ఒక వానాకాలం గడిచేదాకా ఆపుకోండి.

పాయకాపురం_విజయవాడ
ఫీజు సంగతి మాకెవరూ చెప్పలేదు సార్. ఇప్పుడు మళ్లీ చేయించాలంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

గుంటూరు_సివిల్
నీటి గుర్తుకు ఒక అడుగు పైదాకా ప్లాస్టర్ మొత్తం తీయించండి. ఉప్పును పొడి బ్రష్‌తో రాల్చండి, నీళ్లతో కడగొద్దు. ఎండాకాలమంతా గోడను అలాగే వదిలేసి, తర్వాత పాలిథిన్ పరీక్ష చేసి ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.