డోపమైన్ ఎక్కిస్తున్నా నాన్న చేతి వణుకు ఎందుకు తగ్గట్లేదు?

గోదారిగట్టు: పొద్దున్నుంచి వెతికి వెతికి కళ్ళు మండుతున్నాయి. నాన్నకి ఐదేళ్ళుగా పార్కిన్సన్. మెదడులో డోపమైన్ తగ్గడం వల్లేనని అన్నిచోట్లా ఉంది. ఇక్కడ ఐసీయూలో సిరంజికి తెల్ల ప్లాస్టర్ అంటించి ‘డోపమైన్ 200 మి.గ్రా.’ అని పెన్నుతో రాశారు. రెండు రోజులుగా ఎక్కుతూనే ఉంది. వణుకు ఎక్కువైంది, చెయ్యి కర్రలా బిగుసుకుంది. డోసు పెంచమని అడగాలా?

నైట్‌డ్యూటీ: ఐసీయూలో ఎందుకు పెట్టారు? బీపీ ఎంత?

మట్టికుండ: ఈ రోజుల్లో అందరిదీ డోపమైన్ గొడవే. రీల్స్ మానేస్తే సగం జబ్బులుండవు. మా అబ్బాయి ఫోన్ వారం రోజులు బియ్యం డబ్బాలో దాచాను.

నైట్‌డ్యూటీ: ఆయన ఐసీయూలో రీల్స్ చూడట్లేదండీ.

గోదారిగట్టు: చెప్పలేదా? యూరిన్ ఇన్ఫెక్షన్. బీపీ 80కి పడిపోయింది.

నైట్‌డ్యూటీ: అదీ సంగతి. ఆ మందు బీపీ నిలబెట్టడానికి. నరానికి ఎక్కించిన డోపమైన్ మెదడులోకి పోదు, మధ్యలో అడ్డుగోడ ఉంది. అందుకే పార్కిన్సన్‌కి లెవోడోపా ఇస్తారు. అది గోడ దాటాక డోపమైన్‌గా మారుతుంది. దారిలోనే మారిపోకుండా కార్బిడోపా తోడు. మీరన్నట్టు డోసు పెంచితే గుండె దడ పెరుగుతుందంతే.

పదకోశం: ‘అడ్డుగోడ’ తప్పు. అక్కడ గోడ లేదు, రక్తనాళాల కణాలే బిగుతుగా అతుక్కుని ఉంటాయి. ‘జల్లెడ’ అనాలి.

నైట్‌డ్యూటీ: జల్లెడైతే చిన్నవి దిగాలి. లెవోడోపా అణువు డోపమైన్ కంటే పెద్దది, అయినా అదే పోతుంది.

మట్టికుండ: దూలగొండి గింజల్లో లెవోడోపా సహజంగానే ఉంది. పొడి పాలల్లో కలిపి...

నైట్‌డ్యూటీ: ఉంది. చెంచాలో ఎంతుందో ఎవరు కొలిచారు? గట్టు గారూ, ఇంటి దగ్గర వేసుకునే మాత్రలు వేస్తున్నారా?

గోదారిగట్టు: లేదు. డోపమైనే నేరుగా ఎక్కుతోంది కదా అని శనివారం నుంచి సంచిలోంచి తీయలేదు. వాళ్ళూ అడగలేదు.

నైట్‌డ్యూటీ: ఇప్పుడే లేచి డ్యూటీ డాక్టర్‌కి ఆ మాత్రల చీటీ చూపించండి. ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు బిగుసుకుపోయి, జ్వరం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. మీరే నోట్లో వెయ్యకండి. మింగలేకపోతే ముక్కు గొట్టంలోంచి వేస్తారు. వాంతులకి మెటోక్లోప్రమైడ్ రాస్తే పార్కిన్సన్ అని గుర్తు చేయండి, దాంతో వణుకు పెరుగుతుంది.

పదకోశం: పోనీ, ‘కాపలా’ అందాం. అమైనో ఆమ్లాలకి లోపలికి దారి ఇస్తారు, లెవోడోపా ఆ వరసలో దూరిపోతుంది.

గోదారిగట్టు: చూపించాను. గొట్టంలో వేశారు. థ్యాంక్స్, చార్జింగ్ అయిపోవస్తోంది.

పదకోశం: ‘కాపలా’ ఖాయమేనా మరి?